మెకంజీ పేరు మూలం వెతకడం ఎలా: స్కాట్లండు ఇంటిపేర్ల పరిశోధనకు ఒక దారి

తెలుగునాట గ్రామ చరిత్రలు చదివే అలవాటున్నవారికి మెకంజీ పేరు కొత్తది కాదు. కరణాల దస్తరాలలో, గుడి పూజారుల నోళ్లలో, రాళ్లమీది శాసనాలలో ఉన్న సమాచారాన్ని కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య వంటి సహాయకుల చేత రాయించి పోగుచేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పేరుమీదనే ఆ కైఫీయత్తులను మనం ఈనాటికీ పిలుస్తున్నాం. ఆయన స్వస్థలం స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవే పట్టణం. మన ఊళ్ల పేర్లకు, వంశాలకు మూలాలు వెతికించిన ఆ మనిషి ఇంటిపేరుకు మూలమేమిటని ఎవరైనా అడిగితే, జవాబు వెతికే పద్ధతి దాదాపు ఆయన పాటించిన పద్ధతే: ముందు విన్నది రాసుకోవడం, తరువాత దాన్ని దస్తావేజు పక్కన పెట్టి చూడడం.

స్కాట్లండు ఇంటిపేరు మీద ఆసక్తి మనవాళ్లకు రకరకాలుగా కలుగుతుంది. ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో స్థిరపడినవారికి వియ్యపువారి పేరు కావచ్చు, సికింద్రాబాద్ కంటోన్మెంటు శ్మశానంలో కనిపించిన సమాధి రాయి కావచ్చు, ఆంగ్లో ఇండియన్ మిత్రుల ఇంట్లో తరాలుగా నిలిచిన పేరు కావచ్చు. కారణం ఏదైనా కింది క్రమం పనికొస్తుంది. అంతటికీ మెకంజీ పేరునే ఉదాహరణగా తీసుకుంటాను.

మొదట, పేరుతో కాక మనిషితో మొదలుపెట్టండి

‘మెకంజీల చరిత్ర’ అని వెతికితే కోటలు, యుద్ధాలు, ప్రభువులు తప్ప మరేమీ దొరకవు. కాబట్టి ఒక కాగితం తీసుకుని, మీకు నిశ్చయంగా తెలిసిన అతి దగ్గరి తరం మనిషి పేరు, పుట్టిన లేదా చనిపోయిన సంవత్సరం, ఊరు, మతశాఖ, వృత్తి రాసుకోండి. ఊరి దగ్గర కొంచెం పట్టుదల అవసరం. ‘స్కాట్లండు’ అని రాస్తే చాలదు, పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊళ్ల పరిధి) పేరు కావాలి, ఎందుకంటే పాత రికార్డులన్నీ పారిష్‌ల వారీగానే ఉంటాయి. అక్కడినుంచి ఒక్కొక్క తరమే వెనక్కి నడవాలి. పన్నెండో శతాబ్దపు వీరుడి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగివద్దామనుకున్నవారు మధ్యలో ఏదో ఒక తరం దగ్గర తప్పనిసరిగా దూకవలసి వస్తుంది.

రెండవది, పేరును విప్పి చూడండి

స్కాట్లండు ఇంటిపేర్లు స్థూలంగా నాలుగు దారుల్లో వచ్చాయి. తండ్రి పేరునుంచి వచ్చినవి ఒక రకం. నేలనుంచి వచ్చినవి మరో రకం: మొరే ప్రాంతంనుంచి మరీ, సదర్లండ్ ప్రాంతంనుంచి సదర్లండ్. వృత్తినుంచి వచ్చినవాటిలో రాజగృహ నిర్వాహకుడైన స్టీవర్డ్ పదవినుంచి స్టీవర్ట్, నేతనుంచి వెబ్‌స్టర్, వడ్రంగి కొడుకు అన్న అర్థంలో మాకింటైర్, పూజారి కొడుకు అన్న అర్థంలో మాక్‌టాగర్ట్ ఉన్నాయి. ఇక శరీర లక్షణాన్ని పట్టి పెట్టినవి: క్యాంబెల్ అంటే వంకర నోరు, క్యామెరన్ అంటే సాధారణంగా చెప్పే అర్థం వంకర ముక్కు. మన ఇంటిపేర్లలోనూ ఊరినుంచి, వృత్తినుంచి వచ్చినవి ఉన్నాయి గనుక ఈ విభజన మనకు వింతగా తోచదు. ఒక పేరు ఏ రకానికి చెందినదో తెలియకపోతే, జార్జ్ ఫ్రేజర్ బ్లాక్ కూర్చగా 1946లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రచురించిన స్కాట్లండు ఇంటిపేర్ల నిఘంటువును ముందుగా చూడండి. ప్రతి పేరు దస్తావేజుల్లో తొలిసారి ఎప్పుడు, ఏ రూపంలో కనిపించిందో అందులో వీలైనంతవరకు ఇచ్చారు.

మెకంజీ మొదటి రకం పేరు. గేలిక్ భాషలో ‘మాక్’ అంటే కొడుకు. కొయిన్యాక్ అనే పేరు ఇంగ్లీషులో కెన్నెత్ అయింది. దానికి అందగాడు అని అర్థం చెబుతారు. కెన్నెత్ కొడుకే మెకంజీ. గేలిక్‌లో ఆడవారి ఇంటిపేరుకు ముందు ‘మాక్’ రాదు, ‘నిక్’ వస్తుంది. గేలిక్ రాతల్లో అన్నకు ఒక రూపం, చెల్లెలికి మరో రూపం కనిపిస్తే వేరే కుటుంబమని తొందరపడకండి.

మరి కెన్నెత్‌లో లేని ‘జ’ మెకంజీలోకి ఎలా వచ్చింది? ఈ పేరు చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. స్కాట్స్ అనే, ఇంగ్లీషుకు దగ్గరి స్కాట్లండు భాష పాత రాతలో ‘యోఖ్’ అనే అక్షరం ఉండేది. చూడడానికి 3 అంకెలా, తోక ఉన్న రోమన్ ‘జెడ్’లా ఉండే ఆ అక్షరానికి ‘య’ దగ్గరి పలుకు ఉండేది. ‘న’ పక్కన అది చేరితే రెండూ కలిసి మన వర్ణమాలలో చవర్గం చివరనున్న ‘ఞ’ పలికేది. అంటే పేరు అసలు పలుకు ‘మకెఞ్ఞి’ వంటిది. ముద్రణాయంత్రాలు వచ్చాక అచ్చు అక్షరాలలో యోఖ్ లేకపోవడంతో, పోలిక ఉన్న ‘జెడ్’ను దాని స్థానంలో పెట్టారు. కళ్లకు కనిపించిన అక్షరాన్నే తరువాతివారు నోటితో పలికారు. పదిహేడో శతాబ్దంలో ప్రభుత్వ న్యాయాధికారిగా ఉండి ప్రెస్బిటేరియన్ తిరుగుబాటుదారులను కఠినంగా శిక్షించిన సర్ జార్జ్ మెకంజీ సమాధి ఎడిన్‌బరో గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఉంది. ఆ సమాధి తలుపు దగ్గర నిలబడి, దమ్ముంటే బయటికి రమ్మని పిల్లలు సవాలు చేసే పాటలో ఆయన పేరు ‘మకింగీ’ అనే వస్తుంది. అచ్చు పుస్తకం మార్చిన పలుకును పిల్లల పాట నిలుపుకుంది. మెన్జీస్ అని రాసే పేరును ‘మింగిస్’ అనీ, డాల్జియెల్ అని రాసే పేరును ‘డీయెల్’ అనీ పలకడానికి కారణం కూడా ఆ యోఖ్ అక్షరమే. మీరు వెతికే పేరులో అకారణంగా ‘జెడ్’ కనిపిస్తే ఈ సంగతి గుర్తుచేసుకోండి.

మూడవది, స్పెల్లింగును నమ్మకండి

‘మాక్’ అని పూర్తిగా రాసినా, ‘ఎం’ పక్కన చిన్న ‘సి’ రాసినా, ‘ఎం’ తరువాత ఒక కొమ్ము గుర్తు (అపాస్ట్రఫీ) పెట్టి వదిలేసినా పేరు ఒక్కటే. ఒక రూపం స్కాట్లండువారిది, మరొకటి ఐర్లండువారిది అనే మాట చాలామంది నోట వింటాం, అది నిజం కాదు. ఒకే మనిషి పెళ్లినాడు ఒక రూపంలో, బిడ్డ బాప్టిజం నాడు మరో రూపంలో కనిపించడం మామూలే. రాసింది గుమస్తా గాని ఆ మనిషి కాదు. నేను మొదట్లో పూర్తి రూపం ఒక్కటే టైపు చేసి, ఒక కుటుంబం పదేళ్లపాటు మాయమైపోయిందని నమ్మాను. తీరా చూస్తే ఆ కుటుంబం అదే వీధిలో, అదే ఇంట్లో, కొమ్ము గుర్తు చాటున కూర్చుని ఉంది.

అందుకని వెతికేటప్పుడు ‘ఎం’ తరువాత నక్షత్రపు గుర్తు (అక్కడ ఏ అక్షరాలున్నా సరేనని దాని అర్థం) పెట్టి, ఆపైన ‘కెంజీ’ భాగం రాయండి. పాత చేతిరాతల్లో పేర్ల మధ్య ‘వి’, ‘సి’ అనే రెండక్షరాలు కనిపిస్తే అది ‘మాక్’ షష్ఠీ విభక్తి రూపమని గ్రహించండి. ‘ఫలానా కొడుకుకు కొడుకు’ అని దాని భావం, అంటే ఆ ఒక్క పేరులోనే తాత పేరు కూడా మీకు దొరికినట్టు.

నాల్గవది, 1855 గడప దాటండి

స్కాట్లండులో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఈ రికార్డులు ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ అధీనంలో ఉన్నాయి. ఆ సంస్థ నడిపే స్కాట్లండ్స్ పీపుల్ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే వెతకవచ్చు. సూచిక చూడడానికి ఖాతా ఉంటే చాలు, అసలు పుట బొమ్మ కావాలంటే సొమ్ము చెల్లించాలి. బతికి ఉన్నవారి గోప్యత కోసం జననాలకు 100 ఏళ్లు, వివాహాలకు 75 ఏళ్లు, మరణాలకు 50 ఏళ్లు దాటితేగాని పుటను ఇంటర్నెట్‌లో చూపరు.

ఈ రిజిస్టర్లలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. పెళ్లయిన స్త్రీ పుట్టింటి ఇంటిపేరును ఇవి పోనివ్వవు. బిడ్డ జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది, మరణ నమోదులో చనిపోయినవారి తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి. కాబట్టి డబ్బు ఆదా చేయదలిస్తే ముందుగా మరణ నమోదునే తీయించండి. ఒక్క పుటలో రెండు తరాలు దొరుకుతాయి. మీ అదృష్టం బాగుండి 1855లోనే ఆ ఇంట్లో ఒక బిడ్డ పుట్టి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఆ ఒక్క ఏడాది మాత్రం జనన నమోదులో తల్లిదండ్రుల వయసులు, వారు పుట్టిన ఊళ్లు, వారి పెళ్లి జరిగిన తేదీ, చోటు, అంతకుముందు పుట్టిన బిడ్డల వివరం కూడా రాశారు. ఇంత రాయడం గుమస్తాలకు తలకు మించిన పని కావడంతో మరుసటి ఏడాదే చాలా గడులు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి తేదీ మాత్రం 1861లో తిరిగి వచ్చింది.

దీనికి తోడు పదేళ్లకోసారి జరిగిన జనాభా లెక్కలు 1841నుంచి చదవడానికి దొరుకుతాయి. 1841లో పదిహేనేళ్లు దాటినవారి వయసును సాధారణంగా అయిదుకు తగ్గించి గుండ్రం చేశారు గనుక 34 ఏళ్లవాడు 30గా కనిపిస్తాడు. 1851నుంచి పుట్టిన పారిష్ కూడా రాశారు, మనకు కావలసింది అదే.

అయిదవది, పాత పారిష్ రిజిస్టర్లలోకి దిగండి

1855కు ముందు కాలానికి స్కాట్లండు చర్చి ఉంచిన బాప్టిజం, పెళ్లి ప్రకటన, ఖననం రిజిస్టర్లే ఆధారం. వీటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరోల్ పారిష్‌ది, 1553లో మొదలవుతుంది. అయితే ఆ తేదీ చూసి ఆశపడకండి. మెకంజీల సొంత నేల అయిన ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లోనూ పడమటి ద్వీపాలలోనూ చాలా పారిష్‌లలో రిజిస్టర్లు బాగా ఆలస్యంగా మొదలయ్యాయి. మన కల్నల్ పుట్టిన సంవత్సరాన్నే పుస్తకాలలో ‘సుమారు 1754’ అని రాస్తారు. పైగా 1843లో స్కాట్లండు చర్చి చీలిపోయి ఫ్రీ చర్చి ఏర్పడినప్పుడు హైలాండ్స్ జనం పెద్దసంఖ్యలో దానివైపు వెళ్లారు. 1843నుంచి 1854 వరకు ఒక కుటుంబం జాడ తప్పితే, వారు వలస వెళ్లారని అనుకునే ముందు ఫ్రీ చర్చి పుస్తకాలు చూడాలి.

రిజిస్టరు మౌనంగా ఉన్నచోట పేర్లు పెట్టే ఆచారం కొంత దారి చూపుతుంది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండోదానికి తండ్రి తల్లి పేరు పెట్టడం అక్కడ ఎక్కువగా కనిపించే అలవాటు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఈ లెక్క చప్పున అర్థమవుతుంది. కానీ ఇది అలవాటే గాని చట్టం కాదు. దీన్ని బట్టి ఊహించవచ్చు, రుజువైనట్టు రాసుకోకూడదు.

మన అలవాటు దారి తప్పించే చోటు కూడా ఒకటి ఉంది. వధువు మెకంజీ, వరుడూ మెకంజీ అని రిజిస్టరులో కనిపించగానే తెలుగువారికి గుమస్తా పొరపాటు చేశాడనే తోస్తుంది, ఎందుకంటే ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అంటే మనకు అన్నాచెల్లెళ్ల వరుస. అక్కడ ఆ నిషేధం లేదు. రాస్‌షైర్‌లో, లూయిస్‌లో మెకంజీలు మెకంజీలను పెళ్లాడడం వింత కానే కాదు. దాన్ని దిద్దబోయి తల్లి పుట్టింటి పేరును పోగొట్టుకోకండి.

ఆరవది, ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయకండి

ఇంటిపేర్లు తక్కువై, చంటిబిడ్డల పేర్లూ తాతల పేర్లే అయినప్పుడు ఒకే ఊళ్లో ఒకే పేరున్నవారు పదిమంది ఉండడం సహజం. దీనికి మన దగ్గరే చక్కని ఉదాహరణ ఉంది. కైఫీయత్తుల కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయి, 1821 మే 8న కలకత్తా దగ్గర మరణించాడు. మద్రాసు సైన్యంలోనే మరో కాలిన్ మెకంజీ ఉన్నాడు. 1806లో పుట్టిన ఆయన అఫ్గాన్ యుద్ధంలో బందీగా ఉండి బయటపడ్డాడు. హైదరాబాద్ కంటింజెంట్‌లో బ్రిగేడియర్‌గా ఉండగా 1855లో బొల్లారంలో మొహర్రం ఊరేగింపు సందర్భంగా జరిగిన గొడవలో తీవ్రంగా గాయపడినవాడు ఈయనే. ఇద్దరూ మద్రాసు సైన్యంవారే, ఇద్దరి కథలోనూ తెలుగు నేల ఉంది. తేదీలు చూడకుండా పేరు ఒక్కటే చూసినవారు బొల్లారంలో గాయపడినవాడి చేత అమరావతి స్తూపం కొలిపిస్తారు. కాబట్టి ప్రతి మనిషికీ పేరుతోపాటు పుట్టిన ఏడు, ఊరు, వృత్తి, భార్య పేరు, వీటిలో కనీసం రెండు సరిపోలితేగాని ఇద్దరూ ఒకరేనని తేల్చకండి.

ఏడవది, నేల కాగితాలు చదవండి

ఆస్తి ఉన్న కుటుంబమైతే 1617నుంచి ఉన్న సేసిన్ రిజిస్టర్లలో భూమి చేతులు మారిన వివరం, 1513నుంచి దొరికే వీలునామాలలో వారసుల వివరం ఉంటాయి. అక్కడ ఇంటిపేరు తరువాత ఊరి పేరు వస్తుంది, ఆ రెండింటి మధ్యనున్న చిన్న మాటను జాగ్రత్తగా చూడండి. ‘మెకంజీ ఆఫ్ గేర్‌లాక్’ అని ఉంటే ఆ మనిషికి గేర్‌లాక్ భూమిమీద హక్కు ఉన్నట్టు. ‘ఆఫ్’ బదులు ‘ఇన్’ ఉంటే అతను ఆ భూమిలో కౌలుదారు మాత్రమే. ఇంగ్లీషులో ఆ రెండు అక్షరాల తేడా భూస్వామికీ రైతుకూ మధ్య ఉన్న తేడా. తెలుగులో రెండింటినీ ‘గేర్‌లాక్ మెకంజీ’ అని రాసేస్తే ఆ తేడా అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఎనిమిదవది, క్లాన్ (హైలాండ్స్ వంశం) కథను పక్కన రాసుకుని దస్తావేజుతో తూచండి

మెకంజీల పాత ఇలాకా పడమటి తీరంలోని కిన్‌టేల్, అక్కడి ఐలియన్ డోనన్ కోట. ఈ వంశం పుట్టుక గురించి ప్రసిద్ధమైన కథ ఇది: ఐర్లండునుంచి వచ్చిన కాలిన్ ఫిట్జెరాల్డ్ అనే వీరుడు, మూడవ అలెగ్జాండర్ రాజు మీదికి దూకిన దుప్పిని చంపి ఆయనను కాపాడాడు, రాజు మెచ్చి కిన్‌టేల్‌ను ఇచ్చాడు, దుప్పి తల వంశ చిహ్నమైంది. తరువాత ఒకటవ క్రోమార్టీ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభు బిరుదు) అయిన మరో జార్జ్ మెకంజీ, గ్రేఫ్రయర్స్ సమాధిలోని ఆయన కాదు, పదిహేడో శతాబ్దంలో రాసిన తన వంశ చరిత్రలో ఈ ఐరిష్ మూలాన్ని బలపరిచాడు. వంశ నాయకుడు ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీ ఆ వేటను బెంజమిన్ వెస్ట్ చేత గోడంత పటంగా వేయించాడు. 1786 నాటి ఆ పటం ఎడిన్‌బరోలోని నేషనల్ గ్యాలరీలో ఉంది. దుప్పి కొమ్ములు, కింద పడిన రాజు, ఈటె ఎత్తిన వీరుడు, అన్నీ కళ్ల ముందు జరుగుతున్నట్టే ఉంటాయి. దాని ముందు నిలబడినవారికి కథను శంకించాలని అనిపించదు.

ఇప్పుడు దస్తావేజు పక్కకు రండి. కిన్‌టేల్‌ను ఫిట్జెరాల్డ్‌కు ఇచ్చినట్టు చూపే 1266 నాటి రాజపత్రాన్ని చరిత్రకారులు నమ్మదగినదిగా అంగీకరించరు. గేలిక్‌లో రాసిన 1467 నాటి వంశావళుల చేతిప్రతిలో మెకంజీల మూలపురుషుడుగా గిల్లియోన్ అనే స్థానిక గేలిక్ మనిషి కనిపిస్తాడు. మాథెసన్ వంశం కూడా అతనినుంచే వచ్చిందని అందులో ఉంది. ఆ తరువాతి సంగతులకు గట్టి ఆధారాలున్నాయి: 1610లో లూయిస్ ద్వీపం మెకంజీల చేతికి రావడం, 1623లో వారి నాయకుడు సీఫోర్త్ ఎర్ల్ కావడం, 1844లో ఆ ద్వీపాన్ని జేమ్స్ మాథెసన్‌కు అమ్మడం. స్టోర్నోవేలో అన్ని మెకంజీ కుటుంబాలు ఎందుకున్నాయో 1610 చెబుతుంది. కల్నల్ పుట్టుకకు ఆ తేదీ దుప్పి కథకన్నా దగ్గరి కారణం.

అలాగని కథను పారేయమని కాదు. మన కైఫీయత్తుల్లో ఊరి పుట్టుక గురించి చెప్పిన కథ ఒకచోట, గుడిముందు రాతిశాసనం నకలు ఒకచోట ఉంటాయి. చదివేవాడు ఏది ఏదో తెలిసి చదువుతాడు. ఒక వంశం తనను ఐర్లండు దొరల సంతతిగా ఎందుకు చెప్పుకోదలచిందన్నది కూడా ఆ పేరు చరిత్రలో భాగమే.

తొమ్మిదవది, పేరు ఒకటైతే రక్తం ఒకటనుకోకండి

క్లాన్ నాయకుడి భూమిలో బతికే కౌలుదారులు, రక్షణ కోరి వచ్చినవారు ఆయన ఇంటిపేరునే పెట్టుకోవడం హైలాండ్స్‌లో ఉన్నదే. కాబట్టి ప్రతి మెకంజీ కిన్‌టేల్ ప్రభువుల సంతతి కాదు. ఇందుకు విరుద్ధంగా పేరు వదులుకోవలసి వచ్చినవారూ ఉన్నారు. 1603లో మాక్‌గ్రెగర్ అనే పేరునే ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో కొంతకాలం సడలించినా 1774లో గాని అది పూర్తిగా తొలగలేదు. ఆ కాలంలో వారు మరీ, డ్రమండ్, క్యాంబెల్ వంటి పేర్ల కింద తలదాచుకున్నారు. మీరు వెతికే మరీ కుటుంబం 1774 తరువాత అకస్మాత్తుగా మాక్‌గ్రెగర్ అయితే, కారణం ఇదేమో చూడండి.

చిహ్నాలు, గళ్ల బట్టల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఖర్చు ఎక్కువ, సమాచారం తక్కువ. స్కాట్లండు చట్టం ప్రకారం వంశచిహ్నం ఒక వ్యక్తికి చెందుతుంది గాని ఇంటిపేరుకు చెందదు. ఆ నమోదు 1672నుంచి వంశచిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ కోర్టు పుస్తకంలో ఉంటుంది. ‘మీ ఇంటిపేరు చిహ్నం’ అని చట్రం కట్టి అమ్మే పటాలు గోడకు అందం, పరిశోధనకు పనికిరావు. ఒక్కో క్లాన్‌కు ఒక్కో టార్టన్ (గళ్ల బట్ట) అనే కట్టడి కూడా ఎక్కువగా 1822లో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చిన సందడి తరువాత స్థిరపడినదే. మెకంజీ టార్టన్ అయితే 1778లో సీఫోర్త్ ఎర్ల్ సమీకరించిన పటాలం తొడిగిన బట్ట.

పదవది, జాడ మన దేశంలో మొదలైతే

సమాధి రాయితోనో, ఇక్కడి కుటుంబంతోనో మొదలుపెట్టినవారు నేరుగా స్కాట్లండుకు వెళ్లకూడదు. కంపెనీ కాలంలో మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీలలో జరిగిన బాప్టిజం, పెళ్లి, ఖననాల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ప్రెసిడెన్సీల వారీగా ఉన్నాయి. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి గనుక ఆ సంపుటాలు ముందు చూడండి. సైనికోద్యోగి అయితే అతను కంపెనీ కొలువుకు పెట్టుకున్న దరఖాస్తు కాగితాల్లో పుట్టిన పారిష్ దొరికే అవకాశం ఉంది. ఆ ఒక్క మాట చేతికందితే మొదటి అంచెకు తిరిగివెళ్లి అక్కడినుంచి నడవవచ్చు.

దొరికినదాన్ని రాసే పద్ధతి కూడా ముందే నిర్ణయించుకోండి. తరానికి ఒక పుట కేటాయించి, పుట మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు దస్తావేజు చెప్పినది దాని తేదీతో, కుడివైపు ఇంట్లోవారు చెప్పినది చెప్పినవారి వరుసతో. స్పెల్లింగు మాత్రం మీకు నచ్చినట్టు దిద్దకుండా, కొమ్ము గుర్తుతో సహా, గుమస్తా రాసినట్టే ఎక్కించండి.